నాట్ల నెలలో పడిన వేలిముద్ర

వినోద్ శవం దవడ సందులో ఒక బొటనవేలు దొరికింది.

డాక్టర్ సంగీత దాన్ని పట్టకారుతో పట్టుకుని స్టీలు పళ్లెంలో పెట్టింది. వెస్లీ ముందుగా శవం రెండు చేతులవైపూ చూశాడు. పది వేళ్లూ ఉన్నాయి.

“భయపడకండి, మాంసం కాదు,” అందామె. “చూస్తే చర్మంలాగే ఉంది, లోపల మాత్రం డొల్ల. జిగురో రబ్బరో తెలియడం లేదు. ఒక పక్క చిన్న పంటిగాటు పడింది. నమిలి మింగాలనుకున్నవాడి పని కాదిది. దవడ కింద దాచుకున్నాడు.”

“ఎట్ల చచ్చిపోయిండు?”

“తల వెనక ఒకే దెబ్బ. సన్నని ఇనుప వస్తువు, కొన వంకర తిరిగి ఉండాలి. ఊపిరితిత్తుల్లో కాలువ నీళ్లు లేవు. నీళ్లలో పడేసరికే ప్రాణం పోయింది.”

దవాఖాన వెనక గదిలో గోడకు ఆనుకుని నిలబడ్డ ఆశన్న గట్టిగా నవ్వాడు. ఆయన సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై, ఇప్పుడు ఒక క్రెడిట్ కార్డు కంపెనీ తరఫున ఆరాలు తీస్తున్నాడు. చనిపోయిన వినోద్ ఆ కంపెనీకే బాకీలు వసూలు చేసే ఏజెంటు.

“ఏంది వెస్లీ, వేలు అనంగనే గుండె ఆగిందా? గది గ్లౌజు ముక్క. మందు కొట్టేటోళ్లు తొడుక్కుంటరు సూడు, గా గ్లౌజు. గుంజులాటల వినోద్ కొరికిండు, ఊడొచ్చింది.” ఫోను తీసి ఒక బొమ్మ చూపించాడు. కొట్టంలో మేకుకు వేలాడుతున్న గోధుమరంగు రబ్బరు గ్లౌజు. దానికి బొటనవేలు లేదు. “సాయన్న కొట్టం. నిన్న సాయంత్రమే పట్టుకొచ్చి ఎస్సైకి ఇచ్చిన. ఇగ నీకేం పని మిగిలింది?”

పని మిగిలే ఉంది. వెస్లీది వర్ని దగ్గర కూలి కుటుంబం. హైదరాబాదులో చాలా ఏళ్లు బ్యాంకు మోసాల గుట్టు తవ్వి, ఇప్పుడు బాన్సువాడ బస్టాండు పక్కన ప్రైవేటు డిటెక్టివ్‌గా సొంత బోర్డు కట్టుకున్నాడు. నిన్న ఆ బోర్డు కింద లింగవ్వ అనే కూలి మనిషి వచ్చి కూర్చుంది. ఆమె పేరు మీద ఒక క్రెడిట్ కార్డు ఉందని, దాని బాకీ కట్టమని వినోద్ వారాల తరబడి ఇంటిముందు అరిచాడు. ఆమె భర్త సాయన్న ఊరందరి ముందూ అతనిమీద కొడవలి ఎత్తాడు. ఆ మర్నాడే వినోద్ శవం సాయన్న కౌలు పొలం తూము దగ్గర, నిజాంసాగర్ కాలువలో తేలింది. సాయన్న ఇప్పుడు లాకప్పులో ఉన్నాడు. మధ్యాహ్నం దాటితే కోర్టుకు, అక్కణ్ణుంచి జైలుకు.

“వినోద్ సాయన్న ఇంటికి ఎన్ని గంటలకు పోయిండు అన్నా?” అడిగాడు వెస్లీ.

“రాత్రి ఎనిమిదింటికి. వసూలుకే పోయిండు. సాక్షి ఉన్నడు.”

“ఏడు దాటినంక వసూలుకు గడప తొక్కొద్దని రిజర్వు బ్యాంకు రూలు ఉంది కదా. మా ఏజెంటు రూలు తప్పి పోయిండని కంపెనీ కాయిదం మీద రాసిస్తవా?”

ఆశన్న మీసం కదిలింది. “ఎట్ల రాసిస్త? నా నౌకరీ పోతది.”

“అయితే ఎనిమిదింటికి పోలే అని రాసియ్యి.”

“తిరకాసు మాటలు నా దగ్గర పెట్టకు! నీ అసొంటోళ్లను మస్తుమందిని లాఠీ కిందకెళ్లి దాటించిన.”

“కోపం దేనికన్నా, ఒక్కటే చెప్పు. ఆ కార్డు కావాలని లింగవ్వ అడిగిందా?”

“అడగకుంటనే వేలు పెడ్తదా? పోయిన వానకాలం, నాట్లు జోరు మీదున్న నెలల, మిషన్ మీద స్వయంగ బొటనవేలు పెట్టింది. ఒక్కసారికే పడ్డది. పచ్చ లైటు! కంపెనీ కంప్యూటర్‌కు అబద్ధం చెప్పుడు రాదు.”

“నాట్ల నెలల,” అన్నాడు వెస్లీ నెమ్మదిగా. “ఒక్కసారికే.”

“ఏం, చాలలేదా?”

“కడుపు నిండిందన్నా.”

పళ్లెంలోని ముక్కను ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూశాడు. గ్లౌజుకు పట్టు కోసం గరుకు ఉంటుంది. దీనికి ఉన్నది గరుకు కాదు. సన్నని గీతలు, సుడి తిరిగి, ఎక్కడా తెగకుండా, అప్పుడే పుట్టిన బిడ్డ వేలంత స్పష్టంగా ఉన్నాయి. డాక్టర్ దాన్ని సంచిలో వేసి సీలు చేస్తుంటే వెస్లీకి అర్థమైంది. అది ఎవరో బతికున్న మనిషి వేలు. ఆ మనిషికి తెలియకుండా తయారైన రెండో వేలు.

*

లింగవ్వ నాటు మడిలోంచే పరుగున వచ్చింది. మోకాళ్లదాకా బురద. చలికాలపు యాసంగి నాట్లు నడుస్తున్నాయి. మొగుడు లాకప్పులో ఉన్నా, ఒప్పుకున్న మడి ఆగదు.

సాయన్న కొట్టంలో వెస్లీ చుట్టూ చూశాడు. మందు కొట్టే పంపు మూలకు ఉంది. దాని పిడికి రెండు పాలిథిన్ కవర్లు, రబ్బరు బ్యాండ్లతో సహా, చుట్టి ఉన్నాయి. వాసన చూస్తే ముక్కు మండింది.

“సాయన్న గ్లౌజులు వాడుతడా అక్కా?”

“గ్లౌజులా? మాకు గంత సోకు ఎక్కడిది సారూ! చేతులకు కవర్లు కట్టుకొని కొడ్తడు. గా గ్లౌజు నేను కండ్ల చూడలే. నిన్న ఆశన్న సారొచ్చి, సీదా గీ మేకు కాడికే పోయిండు. ఎన్కాల భాను పటేలు ఉండె, తోవ చూపెట్టనీకి.”

“భాను పటేలు ఎవరు?”

“భానుప్రసాద్. రోడ్డు మీద వేలు పెడితే పైసలిచ్చే మినీ బ్యాంకు దుకాణం లేదా, గాయినె. ఆ రాత్రి వినోద్ మా ఇంటికే పోతున్న అని చెప్పిండని సాక్షి చెప్పింది గూడ ఆయినే.”

వెస్లీ పంపు పక్కన గొంతుక్కూర్చున్నాడు. “అక్కా, నువ్వు నాకు ఒక మాట దాస్తున్నవు. పైసలు అడిగితే సాయన్న కొడవలి ఎత్తడు. వారాల తరబడి తిట్టించుకున్నోడు ఆ దినమే ఎందుకు ఎత్తిండు?”

లింగవ్వ కొంగుతో మూతి తుడుచుకుంది.

“మధ్యాహ్నం దాటితే నేను గూడ ఏం చెయ్యలేను.”

“చెప్తే నా మొగని మీదికే తిరుగుతది సారూ.”

“చెప్పకుంటే ఇప్పటికే తిరిగింది.”

ఆమె తలుపువైపు చూసింది. గొంతు తగ్గించింది. “ఆ దినం వినోద్ ఒర్లలే, తిట్టలే. పగటిపూట వచ్చి, చెప్పులిడిచి, మంచినీళ్లు అడిగి తాగిండు. ‘అక్కా, గీ కార్డు నువ్వు అడిగినవా’ అన్నడు. కార్డంటే ఏందో ఎరుకలేదు, చేతికి రాలేదు అన్న. అప్పుడు నా చెయ్యి పట్టుకున్నడు. బొటనవేలు ఎండకు పెట్టి చూసిండు. గంతల మా ఆయన వచ్చిండు. పెండ్లాం చెయ్యి పరాయోడు పట్టుకుంటే ఏ మొగోడు ఊకుంటడు? కొడవలి అందుకున్నడు. వినోద్ ఉరికిండు. ఉరుక్కుంటనే అన్నడు, ‘అక్కా, ఇగ ఎవ్వనికి ఏం కట్టకు!’ అని.”

“నాకు గూడ చూపెట్టు.”

ఆమె అరచేయి చాచింది. బొటనవేలి కొస నున్నగా, కాలువలో అరిగిన గులకరాయిలా మెరుస్తోంది. మధ్యలో ఎర్రగా రెండు పగుళ్లు. గీత అన్నది లేదు. వెస్లీ తల్లి చెయ్యి కూడా నాట్ల కాలమంతా ఇలాగే ఉండేది. జల్లెడ పట్టుకోబోతే చేతిలోంచి జారిపోయేది.

“రేషన్ మిషన్ల వేలు పడ్తుందా?”

“నాట్లప్పుడు ఎవ్వలకు పడ్డది సారూ? గీ వాడల ఆడోళ్లమందరం మిషన్‌కు కన్ను చూపెట్టే బియ్యం తెచ్చుకుంటం.”

“వానకాలం నాట్లల్ల గూడ?”

“ఏ నాట్లయితే ఏంది, బురద బురదనే కదా.”

నాట్ల నెలలో, ఒక్కసారికే, పచ్చ లైటు. ఆ వేలు ఈ చేతిది కాదు.

“ఎండకాలం ఉపాధి పైసలు ఎక్కడ తీస్తరు?”

“భాను పటేలు దుకాణంలనే. మంచోడు సారూ, ఓపిక మనిషి. ముందుగాల మైనం ముద్ద మీద గట్టిగ ఒత్తమంటడు. వేలు సాపయితది, మిషన్ల మంచిగ పడ్తది అంటడు. ఒక్కొక్కలకు ఒక్కో ముద్ద. అందరం ఒత్తినం.” ఉన్నట్టుండి ఆమె ఆగింది. వెస్లీ ముఖం చూసి భయపడింది. “ఏమైంది సారూ? ఒత్తొద్దా?”

వెస్లీ లేచి నిలబడ్డాడు. “అక్కా, వినోద్ చెప్పింది నిజమే. అడగని కార్డు మీద నువ్వు పైస కట్టేది లేదు. నీ పేరున వేసిందంతా కంపెనీయే రద్దు చేసి, పైనుంచి జుర్మానా గూడ నీకే కట్టాలె. రూలు గట్లుంది. ఫికర్ చెయ్యకు, నాతోని రా.”

తోవలో రెండే పనులు చేశాడు. ఎరువుల దుకాణం ముందు ఆగి ఒక జత గోధుమరంగు గ్లౌజులు కొన్నాడు. తర్వాత ఆశన్నకు ఫోను చేశాడు.

“నేను ఓడిపోయిన అని నా నోట వినాలెనంటే భానుప్రసాద్ దుకాణానికి రా అన్నా.”

“అగో! గా మాట వినేటందుకు నడుచుకుంట గూడ వస్త,” అన్నాడు ఆశన్న.

*

భానుప్రసాద్ దుకాణం శుభ్రంగా ఉంది. మనిషి ఇంకా శుభ్రంగా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట గంధం, కూర్చున్నవాళ్లకు చాయ్. లింగవ్వను చూడగానే లేచి స్టూలు జరిపాడు.

“రా అక్కా, కూసో. సాయన్న సంగతి విని మస్తు బాధైంది. ఏం చేస్తం, కోపం పాడుది.”

ఆశన్న గుమ్మం పక్కన నిలబడి చాయ్ ఊదుకుంటున్నాడు. “కానియ్యి వెస్లీ. నాకు భోజనం యాళ్లయితుంది.”

“ఒక్క నిమిషం అన్నా.” వెస్లీ టేబుల్‌కు ఎదురుగా నిలబడ్డాడు. “భానూ, అక్క ఖాతాల ఏమన్న ఉందేమో చూడు. వేలు పెడ్తది.”

భానుప్రసాద్ వేలిముద్ర మిషన్ ముందుకు జరిపాడు. లింగవ్వ బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు. చీర కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది. ఎర్ర లైటు. మూడోసారి కూడా అంతే.

“నాట్లు కదా,” అంది లింగవ్వ, తప్పు తనదే అన్నట్టు.

ఆశన్న చాయ్ ఊదడం ఆపాడు.

“మైనం ముద్ద ఇయ్యరాదు భానూ, సాపయితది,” అన్నాడు వెస్లీ.

“అది… అయిపోయింది.”

“పోనీ. నా దగ్గర ఒకటి ఉంది.” వెస్లీ జేబులోంచి ఒక చిన్న గోధుమరంగు తొడుగు తీసి తన వేలికి ఎక్కించుకున్నాడు. “ఇయ్యాల పొద్దున వినోద్ దవడల దొరికింది. దీంతోని ఒత్తి చూద్దాం. పచ్చ లైటు వస్తదేమో.”

వేలు మిషన్ మీదికి దిగుతోంది. భానుప్రసాద్ టేబుల్ మీదినుంచి వంగి వెస్లీ మణికట్టు పట్టుకున్నాడు. ఆ ఓపిక మనిషి పట్టు ఇనుప పట్టు.

“ఒత్తకు!”



“ఎందుకు ఒత్తొద్దు? గ్లౌజు ముక్కనే కదా,” అన్నాడు వెస్లీ. “నిజంగనే గ్లౌజు ముక్క. ఇప్పుడే ఎరువుల దుకాణంల కొని కోసిన. అసలుది దవాఖానల సీలేసి ఉంది. గ్లౌజు ముక్కను చూసి మిషన్ భయపడదు భానూ. నువ్వెందుకు భయపడ్డవు?”

భానుప్రసాద్ చెయ్యి వదిలేశాడు. ఆశన్నవైపు తిరిగాడు. గొంతు మళ్లీ మెత్తబడింది. ఆ మెత్తదనమే ఇప్పుడు భయంగా ఉంది.

“ఆశన్నా, జర షట్టర్ దించు. మనం మనం మాట్లాడుకుందాం. నీకు నేను ఎన్నడన్న తక్కువ చేసిన్నా?”

ఆశన్న గ్లాసు కింద పెట్టాడు. గుమ్మం పక్కన గోడకున్న మేకువైపు చూశాడు. మేకు ఖాళీగా ఉంది.

“షట్టర్ గుంజే కడ్డీ ఏది?”

“పోయిందన్నా. చేత్తోనే గుంజు.”

ఆశన్న ఎగిరి షట్టర్ అంచు అందుకున్నాడు. రేకు గరగరమంటూ నేలదాకా దిగింది. దుకాణం చీకటైంది. మిషన్ మీది ఎర్ర చుక్క ఒక్కటే వెలుగుతోంది. లింగవ్వ ఊపిరి వెస్లీ భుజం పక్కన వేగంగా వినపడింది. తను చేసిన తెలివితక్కువ పని వెస్లీకి అప్పుడు తెలిసొచ్చింది. ఆశన్న మొండివాడనుకున్నాడే గాని, ఎవరి మనిషో ఆలోచించలేదు. కోరి కోరి ఈ ఆడమనిషిని బోనులోకి తెచ్చాడు. టేబుల్ అవతల సొరుగు తెరుచుకున్న చప్పుడు. కాయితాలు కోసే బ్లేడు కత్తి టిక్కు టిక్కుమని బయటికి జరిగింది.

అప్పుడు లైటు వెలిగింది. స్విచ్చు మీద ఆశన్న చెయ్యి ఉంది. స్టూలు గుంజుకుని షట్టర్‌కు వీపు ఆనించి, దారికి అడ్డంగా కూర్చున్నాడు.

“బ్లేడు కింద పెట్టు భానూ. ముప్పై ఏండ్లు ఖాకీ బట్టలు తొడిగిన. నీ చేతిల బ్లేడు చూసి నాకు నవ్వొస్తుంది.”

“అన్నా, నువ్వు గూడ…”

“నీ దుకాణం తెరిచిన కాడి నుంచి చూస్తున్న. గా కడ్డీ గీ మేకుకే ఉంటది. సన్నగ, కొన వంకరగ. ఇయ్యాల పొద్దున డాక్టరమ్మ చెప్పింది సుత గదే. తల వెనక సన్న ఇనుము, కొన వంకర.” ఆశన్న వెస్లీవైపు చూడకుండానే అన్నాడు. “మిగిలింది నువ్వు చెప్పు. నాకు చెప్పబుద్ధయితలేదు.”

వెస్లీ లింగవ్వను తన వెనక్కి జరుపుకున్నాడు. “నిన్న సాయంత్రం నువ్వు ఆశన్నను సీదా ఆ మేకు కాడికి తోలుకపోయినవు. బొటనవేలు కోసిన గ్లౌజు అప్పటికే అక్కడ ఉంది. వినోద్ దవడల ముక్క ఉన్నదని డాక్టరమ్మకు తెలిసింది ఇయ్యాల పొద్దున. నిన్ననే తెలిసినోడు ఒక్కడే ఉంటడు. వినోద్ దాన్ని నోట్ల వేసుకుంటుంటే చూసినోడు.”

బ్లేడు టేబుల్ మీద పడింది. భానుప్రసాద్ కుర్చీలో కూలబడ్డాడు. ఆశన్న ఫోనులో ఎస్సైతో రెండు మాటలు మాట్లాడి, లైను కట్ చెయ్యకుండానే ఫోనును టేబుల్ మీద పెట్టాడు.

“ఇగ చెప్పు.”

భానుప్రసాద్ లింగవ్వ చేతులవైపు చూశాడు. తర్వాత, గిరాకీకి లెక్క వివరించే గొంతుతోనే మొదలుపెట్టాడు.

“వేళ్లు నేను దొంగతనం చెయ్యలే. వాళ్లే ఒత్తిండ్రు. సంతోషంగ ఒత్తిండ్రు. మైనంల జిగురు పోస్తే తెల్లారేసరికి వేలు తయారు. ఆ వేలుతోనే ఒక సిమ్ము తీస్తే, కంపెనీ పంపే ఓటీపీ నా ఫోనుకే వస్తది. ఓటీపీ వస్తే కార్డు గూడ నాకే వస్తది. గీడ కంపెనీ కార్డులు చేయించే ఏజెంటును నేనే, నెలకు గిన్ని కార్డులు తెమ్మని పైనుంచి ఒత్తిడి. అడిగినోళ్లకే ఇస్తే ఎప్పుడు నిండుతది? అడగనోళ్ల పేరు మీద తీసిన. వాడుకున్న. బాకీ వాళ్ల ఇండ్లకు పోయింది. చదువు రానోళ్లు, భయపడి కడ్తరు, లేకుంటే ఏడుస్తరు అనుకున్న. నాట్లల్ల వేళ్లు అరిగిపోతయని నాకేం ఎరుక? మా ఇంట్ల ఎన్నడన్న ఎవ్వరన్న బురదల దిగితే కదా. ఒడ్డు మీద నిలబడి చూసినోళ్లం.

“వినోద్‌కు ఎరుకే. వాళ్లమ్మ నాట్లకు పోతది. గీ అక్క ఇంటి నుంచి సీదా ఇటే వచ్చిండు. ‘నీ దుకాణంల నాట్ల నెలల ఒక్క వేలు గూడ తప్పలే భానూ, గదెట్ల?’ అన్నడు. వాటా ఇస్త అన్న. ‘రేపు ఫిర్యాదు చేస్తున్న’ అన్నడు. నా సొరుగు గుంజి, చేతికందిన వేలు తీసుకున్నడు. గుంజుకోబోతే నోట్లేసుకున్నడు. ‘ఉమ్మెయ్ రా’ అని బతిమాలిన. కాళ్లు గూడ పట్టుకున్న. తలకాయ అడ్డం ఊపి, ఎన్కకు తిరిగి నడిచిండు. కడ్డీ మేకుకే ఉంది. నా చెయ్యి దానికి అందింది. ఒక్కటే దెబ్బ.

“దవడ పట్టి తెరువబోయిన. గంతల బయట ఎవ్వలో ‘పటేలా’ అని పిలిచిండ్రు. షట్టర్ కిందికి గుంజి, ఊపిరి బిగవట్టుకొని కూసున్న. చీకటి పడ్డంక మల్ల చూస్తే దవడ కట్టెలెక్క బిగుసుకుంది. వేళ్లు పెట్టి గుంజిన, రాలే. బండ్ల ఏసుకొని పోయి కాలువల ఇడిచిన, కడ్డీ గూడ గక్కడనే. నిజాంసాగర్ నీళ్లు జోరు మీదున్నయ్, ఎత్తుకపోతయనుకున్న. తెల్లారి సాయన్న తూము కాడ శవం తట్టుకున్నది అనంగనే దేవునికి దండం పెట్టిన. ఊరందరు కొడవలి చూసిండ్రు కదా. ఒక్క దవడదే భయం ఉండె. దానికే గ్లౌజు కోసి సాయన్న కొట్టంల తగిలిచ్చిన.”

బయట జీపు ఆగిన చప్పుడైంది. ఆశన్న కదలలేదు. భానుప్రసాద్ తలెత్తి వెస్లీవైపు చూశాడు.

“బతికున్నప్పుడు నోరు తెరువుమని కాళ్లు మొక్కిన వెస్లన్నా. తెరువలే. చచ్చినంక తెరిచిండు.”